డెస్క్‌టాప్ అప్లికేషన్‌లో కీలను మన పనికి తగ్గట్టు మార్చుకోవడం: సమగ్ర మార్గదర్శి

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసు. స్లాబుల కొలతలు ఎక్కించే అమ్మాయి ఎడమ చేత్తో కాగితం మీద వరుస తప్పకుండా స్కేలు జరుపుకుంటూ, కుడి చేత్తో నంబర్ ప్యాడ్ కొడుతుంది. పొడవు 114, ఎంటర్. వెడల్పు 66, ఎంటర్. అంగుళాల్లో ఉన్న ఆ రెండింటినీ గుణించి 144తో భాగిస్తే 52.25 చదరపు అడుగులు. ఆ లెక్క సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, ఆమె అంకెలు కొడితే చాలు. కానీ నేను రాసిచ్చిన మొదటి వెర్షన్‌లో 114 కొట్టి ఎంటర్ నొక్కగానే కర్సర్ కింది వరుసలోకి దిగిపోయింది. "ఏందన్నా, ఎంటర్ కొడితే కిందకి పోతా ఉంది. పక్కకి పోవాల కదా" అంది.

పక్కకు పోవాలంటే ట్యాబ్ నొక్కాలి. ట్యాబ్ కీబోర్డుకు ఎడమ చివర ఉంటుంది, నంబర్ ప్యాడ్ కుడి చివర. ఎడమ చేతిలో స్కేలు ఉంది. అంటే ప్రతి స్లాబుకూ కుడి చెయ్యి అంత దూరం వెళ్లి రావాలి, వచ్చాక 5 మీద ఉండే చిన్న గీతను తడుముకుని మళ్లీ వేళ్లు సర్దుకోవాలి. రెండొందల స్లాబులుంటే రెండొందల సార్లు. సాయంత్రానికి కొలతల్లో తప్పులు దొర్లేది అక్కడే.

ఆ సమస్యను కోడ్‌లో ఎలా సరిచేశానో మొదటినుంచీ చెబుతాను. నేను వాడింది సీషార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష, దాంతో విండోస్ స్క్రీన్లు కట్టే విన్‌ఫామ్స్. మన ఒంగోలు, కావలి, కందుకూరు వైపు చిన్న ఆఫీసుల్లో, షాపుల్లో నాకు ఎక్కువగా తగిలేవి వీటితో రాసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లే. క్లాసుల పేర్లు, మెథడ్ల పేర్లు తెలుగు లిపిలోనే రాస్తున్నాను. కోడ్ రాసే విజువల్ స్టూడియోలో ఇంగ్లిష్‌లో మొదటి నాలుగు అక్షరాలు కొడితే అసలు స్పెల్లింగ్ అదే చూపిస్తుంది.

కోడ్ ముట్టుకోకముందు

విండోస్ స్థాయిలోనే కీ మార్చేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో స్కాన్‌కోడ్ మ్యాప్ అని ఉంది, పవర్‌టాయ్స్‌లో కీబోర్డ్ మేనేజర్ ఉంది, ఆటోహాట్‌కీ ఉంది. ఆటోహాట్‌కీలో ఫలానా ప్రోగ్రామ్‌కు మాత్రమే అని పరిమితం కూడా చేయొచ్చు. అయినా నేను ఆ దారి పట్టను. స్కాన్‌కోడ్ మ్యాప్ మొత్తం కంప్యూటర్‌కు వర్తిస్తుంది, మార్చిన ప్రతిసారీ రీస్టార్ట్ కావాలి. అదే కంప్యూటర్‌లో మధ్యాహ్నం ఇంకొకరు కూర్చుని అను ఫాంట్లతో తెలుగులో లెటర్ కొడతారు, జీఎస్టీ రిటర్న్ వేస్తారు. వాళ్ల కీలు మనం చెడగొట్టకూడదు. పైగా ఏ టూల్‌కైనా కర్సర్ ఏ గడిలో ఉందో, ఆ గడిలో ఎంటర్‌కు అర్థం ఏమిటో తెలియదు. అది తెలిసేది మన అప్లికేషన్‌కే.

తర్వాత, పని చేసే మనిషి పక్కన ఒక గంట కూర్చోండి. తెల్ల కాగితం మీద మూడు గళ్లు గీసుకోండి: ఏ కీ, ఎక్కడ ఉన్నప్పుడు, ఏం జరగాలి. నా కాగితం మీద చివరికి మిగిలినవి ఇవి. ఎంటర్ నొక్కితే పక్క గడి, ఆఖరి గడిలో ఉంటే కొత్త వరుస. నంబర్ ప్యాడ్ ప్లస్ నొక్కితే వరుసలో ఏ గడిలో ఉన్నా కొత్త వరుస. స్టార్ నొక్కితే పై వరుసలోని పొడవు ఈ వరుసలోకి రావాలి, ఎందుకంటే ఒకే బ్లాక్ నుంచి కోసిన స్లాబులకు పొడవు చాలావరకు ఒకటే. మైనస్ నొక్కితే ఒక గడి వెనక్కి.

మైనస్‌కు వరుస తీసేసే పని ఇమ్మని ఓనర్ అడిగారు. నేను ఒప్పుకోలేదు. నంబర్ ప్యాడ్‌లో మైనస్ సరిగ్గా ప్లస్ నెత్తిన ఉంటుంది, వేలు కాస్త జారితే కొట్టిన కొలత పోతుంది. తుడిచే పనిని ఎప్పుడూ కంట్రోల్‌తో కలిపిన కీకే ఇవ్వండి.

మొదటి మెట్టు: కీ మనదాకా ఎలా వస్తుందో తెలుసుకోవాలి

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. కీ మార్పిడిలో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ మూడు దశల్ని కలిపేసుకోవడం వల్ల వచ్చేవే.

కీ నొక్కగానే కీబోర్డు పంపేది అక్షరం కాదు, ఆ కీ ఉన్న చోటుకు ఒక నంబరు. దాన్ని స్కాన్ కోడ్ అంటారు. విండోస్ దాన్ని వర్చువల్ కీ కోడ్‌గా మారుస్తుంది: ఎంటర్ 13, ఎఫ్ 1 కీ 112, నంబర్ ప్యాడ్‌లో 0 నుంచి 9 దాకా 96 నుంచి 105. ఇది మనకు కీడౌన్ మెసేజ్‌గా వస్తుంది. మూడో దశలో, అప్పుడు ఎంచుకుని ఉన్న భాషను బట్టి అక్షరం తయారై క్యార్ మెసేజ్‌గా వస్తుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకుని కె నొక్కితే వచ్చే అక్షరం క. కానీ వర్చువల్ కీ మాత్రం కె కీదే.

అందుకే షార్ట్‌కట్లు అక్షరం మీద కట్టకండి, వర్చువల్ కీ మీద కట్టండి. అక్షరం మీద కడితే భాష తెలుగులోకి మార్చిన రోజు ఒక్క షార్ట్‌కట్టూ పనిచేయదు.

రెండో మెట్టు: కీలు చూపించే చిన్న ఫామ్

ఊహించుకుని రాయొద్దు. ఒక ఖాళీ ఫామ్, అంటే ఖాళీ విండో, తీసుకుని, వచ్చిన ప్రతి కీ పేరు, నంబరు ఒక లేబుల్‌లో చూపించేలా పది లైన్లు రాయండి. ఆ ఆఫీసు కీబోర్డుతోనే అన్నీ నొక్కి చూడండి. నంబర్ ప్యాడ్ ప్లస్ 107, స్టార్ 106, మైనస్ 109, చుక్క 110, స్లాష్ 111 అని కనిపిస్తాయి. మామూలు వరుసలో ఉన్న ప్లస్ 187. చూడటానికి రెండూ ప్లస్సే, కోడ్‌కు వేరు వేరు కీలు. మనకు ఇది మంచిదే.

ఎంటర్ దగ్గరికి వచ్చేసరికి సంగతి తిరగబడుతుంది. పెద్ద ఎంటర్, నంబర్ ప్యాడ్ ఎంటర్ రెండూ 13 అనే చెబుతాయి. తేడా కావాలంటే మెసేజ్‌తోపాటు వచ్చే ఎల్‌పారమ్ అనే నంబరు చూడాలి. కీ గురించిన అదనపు వివరాలు దాని బిట్లలో ఉంటాయి. అందులో 24వ బిట్ 1 అయితే నంబర్ ప్యాడ్ ఎంటర్, 0 అయితే పెద్ద ఎంటర్. బిట్లను 0 నుంచి లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు నమ్ లాక్ ఆపి మళ్లీ నొక్కండి. చుక్క 110 కాస్తా 46 అవుతుంది, అంటే డిలీట్. 5 నొక్కితే 12 వస్తుంది. 9.5 కొట్టబోయిన మనిషికి చుక్క దగ్గర గడిలోని అంకె పోతే ఎంత టెన్షన్ పడుతుందో ఆలోచించండి. ఇక్కడ కూడా 24వ బిట్ పనికొస్తుంది: విడిగా ఉండే డిలీట్ కీకి అది 1, నంబర్ ప్యాడ్ నుంచి వచ్చిన డిలీట్‌కు 0. ఎంటర్‌కు సరిగ్గా వ్యతిరేకం, పొరబడకండి. నమ్ లాక్‌ను నేను కోడ్‌తో ఆన్ చేయను, అది వాడేవాళ్ల ఇష్టం. విన్‌ఫామ్స్‌లో కంట్రోల్ అనే క్లాస్‌లోని ఈజ్‌కీలాక్డ్‌తో చూసి, ఆఫ్‌లో ఉంటే స్టేటస్ బార్‌లో ఎర్రగా "నమ్ లాక్ ఆఫ్‌లో ఉంది" అని చూపిస్తాను.

మూడో మెట్టు: పనులకు పేర్లు, ఒకే పట్టిక

నా మొదటి వెర్షన్‌లో ప్రతి ఫామ్‌లోనూ విడివిడిగా కీడౌన్ రాశాను. "ఎంటర్ అయితే ఇది, ప్లస్ అయితే అది" అంటూ ఆరు ఫామ్‌లలో ఆరు సార్లు. తర్వాత ఒక కీ మార్చమన్నప్పుడు నాలుగు చోట్ల మార్చి రెండు మరిచిపోయాను. ఒకే కీ ఒక స్క్రీన్‌లో ఒకలా, ఇంకో స్క్రీన్‌లో ఒకలా పనిచేసింది. వాడేవాళ్లు తమదే తప్పనుకుని మళ్లీ మళ్లీ నొక్కారు. నన్ను బాగా బాధపెట్టింది అదే.

కాబట్టి ఇలా చేయండి. ముందు పనులకు పేర్లు పెట్టి ఒక ఎనమ్, అంటే పేర్ల జాబితా, రాయండి: పక్కగడి, వెనకగడి, కొత్తవరుస, పైకొలత, వరుసతీసెయ్, సేవ్. తర్వాత ఒక డిక్షనరీ. అందులో ఎడమవైపు కీ, కుడివైపు పని. స్క్రీన్ల కోడ్‌కు పని పేరు మాత్రమే తెలియాలి. ఏ కీ నొక్కితే వచ్చిందన్నది దానికి అనవసరం.

డిక్షనరీలో ఎడమవైపు కీ నంబరు ఒక్కటే పెడితే రెండు ఎంటర్లూ కలిసిపోతాయి. కొన్ని విలువల్ని ఒక్కటిగా కట్టే చిన్న స్ట్రక్ట్ ఒకటి రాసి అందులో మూడు పెట్టండి: కీడేటా, 24వ బిట్, ఎక్కడ వర్తిస్తుంది. కీడేటాలో కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ కూడా కలిసే వస్తాయి కాబట్టి ఉత్త మైనస్, కంట్రోల్ మైనస్ వాటంతట అవే వేరవుతాయి. "ఎక్కడ" అన్నది తప్పనిసరి. కొలతలు ఎక్కించే గళ్ల గ్రిడ్‌లో ప్లస్ అంటే కొత్త వరుస, రిమార్క్స్ పెట్టెలో ప్లస్ అంటే ప్లస్సే.

ఒక కీని ఇంకో కీగా మార్చి పంపడం, అంటే ఎంటర్ వస్తే సెండ్‌కీస్‌తో ట్యాబ్ పంపడం, చాలా పాత కోడ్‌లలో కనిపిస్తుంది. దానికి దూరంగా ఉండండి. మీరు పంపిన ట్యాబ్ చేరేలోపు ఏదైనా మెసేజ్ బాక్స్ ముందుకు వస్తే ఆ కీ దానికి వెళ్తుంది. ఎ నొక్కితే బి, బి నొక్కితే ఎ అని ఇద్దరు రాశారనుకోండి, ఒకదాన్నొకటి పిలుచుకుంటూ తిరుగుతూనే ఉంటాయి. కీ నుంచి నేరుగా పనికి వెళ్తే ఈ రెండు గొడవలూ లేవు. మామూలు పెట్టెల్లో పక్కకు జరగడానికి సెలెక్ట్‌నెక్స్ట్‌కంట్రోల్ అనే మెథడ్ ఉంది, అది చాలు.

నాలుగో మెట్టు: కీని ఎక్కడ పట్టుకోవాలి

విన్‌ఫామ్స్‌లో రెండు దారులున్నాయి. ఒకటి, ఫామ్‌కు కీప్రివ్యూ ట్రూ చేసి కీడౌన్ ఈవెంట్‌లో పట్టుకోవడం. రెండోది, ప్రాసెస్‌సీఎండీకీ అనే మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేయడం, అంటే దాని బదులు మన సొంత కోడ్ రాయడం.

మొదటి దారిలో ఒక ఉచ్చు ఉంది. కీడౌన్‌లో హ్యాండిల్డ్ ట్రూ అని రాస్తారు, కొత్త వరుస వస్తుంది, దాంతోపాటు గడిలో ఒక ప్లస్ గుర్తు కూడా పడుతుంది. కీడౌన్ మన చేతికొచ్చేసరికే క్యార్ మెసేజ్ క్యూలో చేరిపోయి ఉండటం దీనికి కారణం. అక్కడ సప్రెస్‌కీప్రెస్ ట్రూ చేయాలి. ఇంకా, గడిలో అంకెలు కొడుతున్నంతసేపు డేటాగ్రిడ్‌వ్యూ (విన్‌ఫామ్స్ ఇచ్చే గ్రిడ్) ఎంటర్‌ను తనే ముందుగా తీసేసుకుంటుంది, మన కీడౌన్‌దాకా రానే రాదు. మొదట్లో నా కర్సర్ కిందకు దిగిపోయింది అందుకే.

ప్రాసెస్‌సీఎండీకీ అంతకంటే ముందే నడుస్తుంది. ఫోకస్ ఉన్న కంట్రోల్‌తో (కంట్రోల్ కీ కాదు, అప్పుడు కర్సర్ ఉన్న పెట్టె) మొదలై, దాన్ని లోపల పెట్టుకున్న ఒక్కో పేరెంట్ మీదుగా ఫామ్‌దాకా వస్తుంది. మనం ట్రూ ఇస్తే ఆ కీ కథ అక్కడితో ముగిసినట్టే, క్యార్ మెసేజ్ తయారు కాదు. మీ ఫామ్‌లన్నిటికీ ఒక బేస్ ఫామ్ పెట్టి, ఈ మెథడ్‌ను అక్కడ ఒక్కచోటే రాయండి. లోపలి నడక ఇదీ:

కీ నంబరు 229 అయితే (ఎందుకో ఆరో మెట్టులో చెబుతాను) ముట్టుకోకు, వదిలెయ్.
కీ ఎంటర్ అయి, కాంబో బాక్స్ (కిందకు తెరుచుకునే జాబితా) తెరిచి ఉంటే వదిలెయ్.
కీ ఎంటర్ అయి, కర్సర్ మల్టీలైన్ పెట్టెలో ఉంటే వదిలెయ్.
ఈ కీకి, ఈ చోటికి పట్టికలో పని లేకపోతే వదిలెయ్.
నొక్కి పట్టుకోవడం వల్ల వచ్చిన కీ అయి, ఆ పని ఒక్కసారే జరగాల్సినదైతే ఏమీ చెయ్యకు, ట్రూ ఇచ్చెయ్.
ఇవేవీ కాకపోతే పని చేసి ట్రూ ఇచ్చెయ్.

"వదిలెయ్" అన్న ప్రతిచోటా బేస్ క్లాస్ మెథడ్‌ను పిలిచి, అది ఇచ్చిన జవాబునే తిరిగి ఇవ్వాలి. ఊరికే ఫాల్స్ ఇస్తే మెనూ షార్ట్‌కట్లు పనిచేయవు.

ఐదో లైను గురించి కాస్త చెప్పాలి. ప్లస్ కీని వేలు తియ్యకుండా పట్టుకుంటే విండోస్ కీడౌన్‌లు వరసపెట్టి పంపుతూనే ఉంటుంది. ఒకరోజు ఆ అమ్మాయి ఫోన్ ఎత్తుతుంటే ఫైలు అంచు ప్లస్ మీద ఆనింది. చూసేసరికి స్క్రీన్ నిండా ఖాళీ వరుసలు. ఎల్‌పారమ్‌లో 30వ బిట్ 1 అయితే ఆ కీ అప్పటికే కిందకు నొక్కి ఉందని అర్థం. దాన్ని చూసి కొత్త వరుస పనిని ఆపండి. కానీ ట్రూ ఇవ్వడం మరవొద్దు. వదిలేశారంటే గడిలో ప్లస్ గుర్తులు బారులు తీరతాయి. పక్కగడి, వెనకగడి లాంటివి పట్టుకుంటే కదులుతూ పోవడమే మంచిది, వాటిని ఆపక్కర్లేదు.

ఐదో మెట్టు: గ్రిడ్‌లో పని నిజంగా జరిగేలా చూడటం

కర్సర్ గ్రిడ్‌లో ఉందా అని ఫోకస్డ్‌తో చూడకండి. అంకె కొడుతున్నప్పుడు ఫోకస్ గ్రిడ్ లోపలి చిన్న ఎడిటింగ్ పెట్టెకు వెళ్తుంది. కంటెయిన్స్‌ఫోకస్ అని అడగండి.

పక్క గడికి పోవడానికి ముందు ఎండ్‌ఎడిట్ పిలిచి, అది ఫాల్స్ ఇస్తే అక్కడే ఆగిపోండి. కొట్టిన కొలత సరిగా లేదని వ్యాలిడేషన్ పట్టుకుందన్నమాట. దాన్ని లెక్కచేయకుండా కరెంట్‌సెల్ మార్చబోతే ఎక్సెప్షన్ వస్తుంది. ఎండ్‌ఎడిట్ సరేనన్నాకే కరెంట్‌సెల్‌ను తర్వాతి గడికి మార్చండి. కనిపించని కాలమ్‌లు, రీడ్‌ఓన్లీ కాలమ్‌లు దాటుకుంటూ వెళ్లాలి. చదరపు అడుగుల కాలమ్ రీడ్‌ఓన్లీ కాబట్టి, వెడల్పు తర్వాత ఎంటర్ కొడితే నేరుగా కొత్త వరుసలో పొడవు గడికి చేరుతుంది.

ఆరో మెట్టు: తెలుగు, రూపాయి గుర్తు, స్కానర్

పార్టీ పేరు తెలుగులో కొట్టేవాళ్లుంటారు. కొట్టిన కీలను కూర్చి తెలుగు మాటగా మార్చే ఐఎంఈ అనే సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని కూర్చుతున్నప్పుడు వర్చువల్ కీ 229 అని వస్తుంది. అప్పుడు ఎంటర్ అంటే "ఈ మాట ఖాయం చెయ్" అని, పక్క గడికి పొమ్మని కాదు. నాలుగో మెట్టులోని ఆ మొదటి లైను అందుకే. అక్షరాల స్థాయిలో మార్పిడి మాత్రం అసలు పెట్టుకోవద్దు. మన కంటికి ఒక్కటిగా కనిపించే క్ష, యూనికోడ్‌లో క, పొల్లు, ష అనే మూడు ముక్కలు. మధ్యలో ఒకదాన్ని మనం మింగితే అక్షరం విరిగిపోతుంది.

విండోస్‌లో ఇంగ్లిష్ ఇండియా కీబోర్డు ఎంచుకుంటే కుడి ఆల్ట్ పట్టుకుని 4 నొక్కితే రూపాయి గుర్తు వస్తుంది. ఆ కుడి ఆల్ట్‌ను విండోస్ కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కినట్టు చూపిస్తుంది. కాబట్టి కంట్రోల్ ఆల్ట్ 4కు మీరు ఏదైనా పని కట్టారంటే ఆ అప్లికేషన్‌లో రూపాయి గుర్తు ఇక పడదు. కంట్రోల్ ఆల్ట్ జతను మొత్తంగా వదిలేయడం నా అలవాటు.

బట్టల షాపుకు, మందుల షాపుకు రాస్తుంటే ఇంకోటి. బార్‌కోడ్ స్కానర్ కూడా కంప్యూటర్‌కు కీబోర్డే. అంకెలు కొట్టి చివర ఎంటర్ కొడుతుంది. మీరు ఎంటర్ అర్థం మార్చినప్పుడు స్కానర్‌తో కూడా తప్పక చూడండి.

ఏడో మెట్టు: పట్టికను కోడ్ బయట పెట్టడం

పట్టికను జేసన్ ఫైలుగా, అంటే చదివి మార్చుకోగలిగే టెక్స్ట్ ఫైలుగా, పెట్టండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాదు, అక్కడ మామూలు యూజర్‌కు రాసే అనుమతి ఉండదు. యూజర్ అప్లికేషన్ డేటా ఫోల్డర్‌లో పెట్టండి. కీ పేర్లను చదవడానికి కీస్‌కన్వర్టర్ ఉంది, దాంట్లో ఇన్వేరియంట్ స్ట్రింగ్ పేరుతో ఉన్న మెథడ్లే వాడండి. లేకపోతే ఇంకో భాష విండోస్‌లో కీ పేరు మారి ఫైలు చదవలేకపోవచ్చు. చదివేటప్పుడు మూడు చూడాలి: ఒకే చోట ఒకే కీకి రెండు పనులు ఉన్నాయా, తెలియని పేరు ఉందా, ఆల్ట్ ఎఫ్ 4 లాంటి అందరికీ అలవాటైన కీని ఎవరైనా లాగేసుకున్నారా. తప్పు దొరికితే ఆ ఒక్క వరుసను పక్కనపెట్టి, ఏది పక్కనపెట్టారో చెప్పండి. ఫైలే పాడైతే కోడ్‌లో ఉన్న అసలు పట్టికతో నడవాలి. సెట్టింగుల్లో "మొదట్లో ఉన్నట్టు" అనే బటన్ ఒకటి ఉండాలి, దాన్ని మౌస్‌తో నొక్కగలగాలి. కీలన్నీ చిందరవందర అయినప్పుడు కీబోర్డుతో బయటపడలేరు కదా.

విన్‌ఫామ్స్ కాకుండా వేరేదాంట్లో రాసేవాళ్లకు కూడా ఇదే వరస. జావా స్వింగ్‌లో ఇన్‌పుట్‌మ్యాప్, యాక్షన్‌మ్యాప్ అని కీని, పనిని ముందే విడదీసి ఇచ్చారు. క్యూటీలో ఈవెంట్ ఫిల్టర్ పెట్టాలి. అక్కడ పెద్ద ఎంటర్‌ను కీ రిటర్న్ అని, నంబర్ ప్యాడ్‌దాన్ని కీ ఎంటర్ అని వేరుగానే పిలుస్తారు. పైథాన్ టీకింటర్‌లో బైండ్ చేసిన ఫంక్షన్ నుంచి బ్రేక్ అనే మాటను తిరిగి ఇస్తే కీ ముందుకు పోదు. డబ్ల్యూపీఎఫ్‌లో ప్రివ్యూకీడౌన్ చూడండి.

చివరి మెట్టు: అప్పజెప్పే ముందు

నమ్ లాక్ ఆపి, తెలుగు భాష పెట్టి, రెండు ఎంటర్లతోనూ, కీ పట్టుకుని, కాంబో తెరిచి, తప్పు కొలత కొట్టి, ఒక్కోటీ చేసి చూడండి. నంబర్ ప్యాడ్ లేని ల్యాప్‌టాప్‌లో కూడా చూడండి. అందులో ప్లస్ 187గా వస్తుంది, అదీ షిఫ్ట్‌తో. అలాంటివాళ్లకు ప్రతి పనికీ ఎఫ్ కీల్లో ఒకటి రెండో దారిగా ఇచ్చాను. తర్వాత పట్టికను తెలుగులో, పెద్ద అక్షరాలతో, అరచెయ్యంత కాగితం మీద ప్రింట్ తీసి మానిటర్ కింద అంటించాను.

వారం తర్వాత మళ్లీ చీమకుర్తి వెళ్లాను. ఆ అమ్మాయి స్క్రీన్ వైపు చూడకుండా, కాగితం మీదే కళ్లు పెట్టి కొడుతోంది. "అన్నా, స్టార్ కొడితే పొడవు వస్తా ఉంది కదా, స్లాష్ కొడితే వెడల్పు కూడా వచ్చేటట్టు చెయ్యి" అంది. పైకొలత పని అప్పటికే కర్సర్ ఉన్న కాలమ్‌ను బట్టి నడిచేలా రాసి ఉంది, కాబట్టి వెడల్పు గడిలో కూడా స్టారే కొట్టొచ్చని చూపించాను. "స్లాషే కావాల, వేలికి అదే అందుతా ఉంది" అంది. జేసన్ ఫైలు తెరిచి, స్లాష్‌కు పైకొలత అని ఒక్క వరుస కలిపి, అప్లికేషన్ మూసి తెరిచాను. మానిటర్ కింద కాగితం మీద ఆ లైను పెన్నుతో తనే రాసుకుంది.